ఎండాకాలం టమాటా ఎందుకు ఎర్రబడదు? 1913 నాటి ఒక ప్రయోగం, ఆ తర్వాత జరిగిన విచిత్రం

ఈరోజు టాపిక్ మా మేడ మీద మొదలైంది.

మే నెల. మేడ మీద రెండు కుండీల్లో టమాటా మొక్కలు ఉన్నాయి. కాయలు బాగానే వచ్చాయి, మెత్తబడ్డాయి కూడా. రంగు మాత్రం ఎరుపు కాదు. పసుపూ కాదు నారింజా కాదు అన్నట్టు ఒక నీరసమైన రంగు. మా అమ్మ ఒకటి కోసుకొచ్చి, "ఒరేయ్, ఇది పండిందా పండలేదా?" అని అడిగింది. బీటెక్ చదివాను, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. దీనికి జవాబు మాత్రం లేదు నా దగ్గర.

ఇది నా కుండీ సమస్యే అయితే ఎపిసోడ్ చేసేవాణ్ణి కాదు. మా పెదనాన్న టమాటా రైతు. రెండేళ్ల కింద ఏప్రిల్ చివర్లో ఆయన తెచ్చిన క్రేట్లు మండీలో వేలానికి పెట్టారు. వ్యాపారి పైనున్న కాయని వేళ్లతో తిప్పి చూసి, "రంగు లేదు" అని రేటు సగానికి దించేశాడు. కాయ గట్టిగానే ఉంది, పురుగు లేదు, మచ్చ లేదు. లేనిది రంగు ఒక్కటే. ఏ మందు కొట్టి ఉంటే ఎర్రబడేదో అని పెదనాన్న ఆ సీజన్ అంతా షాపుల చుట్టూ తిరిగాడు. డబ్బులు పోయాయి, రంగు రాలేదు.

ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు 1913లోనే అచ్చయింది. అదీ ఈరోజు కథ.

ముందు ఆ ఎరుపు ఏంటో చూద్దాం. దాని పేరు లైకోపీన్. టమాటాకి పాత లాటిన్ పేరు లైకోపెర్సికాన్, అంటే తోడేలు పీచ్ పండు అని అర్థం. ఎవరికి ఎందుకు తోడేలు గుర్తొచ్చిందో గానీ, లైకోపీన్ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. 1903లో షుంక్ అనే ఆయన ఈ ఎరుపు కాంతిని పీల్చుకునే తీరు క్యారెట్‌లో ఉండే కెరోటిన్ లాగా లేదని చూసి, దీనికి వేరే పేరు పెట్టాడు. ఏడేళ్ల తర్వాత, 1910లో, విల్‌స్టాటర్, ఎషర్ అనే ఇద్దరు దాన్ని విడదీసి లెక్క తేల్చారు. 40 కార్బన్లు, 56 హైడ్రోజన్లు. కెరోటిన్‌కి కూడా అవే 40, అవే 56! ముడిసరుకు ఒకటే, అమరిక వేరు. లైకోపీన్ తిన్నగా సాగదీసిన దారం లాంటిది. దాని రెండు చివర్లని మడిచి ఉంగరాల్లా చుడితే బీటా కెరోటిన్ అవుతుంది. దారంగా ఉంటే ఎరుపు, ఉంగరాలు చుట్టుకుంటే నారింజ పసుపు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు మన హీరో. బెంజమిన్ మింజ్ డగ్గర్. 1872లో అమెరికాలోని అలబామాలో పుట్టాడు. పత్తి, పొలాలు, ఉక్కపోత ఉన్న రాష్ట్రం. వృక్షశాస్త్రం చదివి, మొక్కల తెగుళ్ల మీద పనిచేసి, 1912లో సెయింట్ లూయిస్ చేరాడు. 1913లో ఒక పరిశోధన ప్రచురించాడు. టమాటా ఎరుపు, అది తయారవడానికి కావలసిన పరిస్థితులు అనేది విషయం. ఆ రంగుని ఆయన లైకోపెర్సిసిన్ అని పిలిచాడు. ఆ పేరు నిలబడలేదు, ప్రయోగం మాత్రం నిలబడింది.

ఆయన చేసింది వింటే "ఇంతేనా" అనిపిస్తుంది. ఇంకా ఎర్రబడని కాయల్ని వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉంచి పండనిచ్చాడు. మామూలు వాతావరణంలో ఉన్నవి ఎర్రబడ్డాయి. 30 డిగ్రీలు, ఆ పైన ఉంచినవి పండాయి గానీ పసుపు, నారింజ దగ్గరే ఆగిపోయాయి. అచ్చం మా మేడ మీద కాయల్లాగే.

ఇక్కడి దాకా ఏ రైతైనా చెప్పగలడు. డగ్గర్ గొప్పతనం తర్వాతి స్టెప్‌లో ఉంది. వేడిలో పసుపైపోయిన కాయల్ని మళ్లీ చల్లని చోటుకి మార్చి చూశాడు. అవి ఎర్రబడటం మొదలుపెట్టాయి. అంటే వేడికి కాయలోని రంగు ఫ్యాక్టరీ కాలిపోలేదు. ఆగింది, అంతే. వేడి తగ్గితే మళ్లీ నడుస్తుంది. ఇంకో సంగతి కూడా చూపించాడు. గాలిలో ఆక్సిజన్ అందకపోయినా ఎరుపు రాదు. అంటే ఇది ఊరికే రంగు మారడం కాదు, బతికున్న కాయ పనిగట్టుకుని చేస్తున్న తయారీ.

దీన్ని మీ ఫోన్‌తో పోల్చుకోండి. ఎండలో కాసేపు వీడియో తీస్తే ఫోన్ వేడెక్కి స్క్రీన్ డిమ్ అయిపోతుంది కదా? పాడైపోయిందని కంగారు పడతాం. నీడకి తెచ్చాక మళ్లీ మామూలైపోతుంది. టమాటా కూడా దాదాపు అంతే. పోలిక మరీ లాగకూడదు, మొక్కలో ఎవరూ కోడ్ రాసి పెట్టలేదు. పైగా ఎక్కువ రోజులు ఎక్కువ వేడిలో ఉండిపోతే కాయ పూర్తిగా కోలుకోదు.

మరి వేడిలో ఎరుపే ఎందుకు ఆగుతుంది, పసుపు ఎందుకు ఆగదు? 1913లో దీనికి పరికరాలు లేవు. 1942లో కాలిఫోర్నియాలో వెంట్, లెరోసెన్, జెక్‌మైస్టర్ అనే ముగ్గురు క్రోమటోగ్రఫీతో, అంటే రంగుల్ని ఒక్కొక్కటిగా విడదీసే పద్ధతితో, పరిసరాల వల్ల టమాటా రంగులు ఎలా మారుతున్నాయో చూశారు. 1963లో టోమ్స్ అనే శాస్త్రవేత్త ఇంకాస్త ముందుకెళ్లి, మామూలు ఎర్ర టమాటాలో 32 డిగ్రీలు, ఆ పైన లైకోపీన్ తయారీ బాగా పడిపోతుందని, బీటా కెరోటిన్‌కి అంత దెబ్బ తగలదని తేల్చాడు.

ఇప్పుడు మన దారం, ఉంగరాల దగ్గరికి వద్దాం. మొక్కలో ఇదొక వరస పని. ముందు చిన్న ముక్కలు అతుక్కుని రంగులేని ఫైటోయీన్ అవుతుంది, అది మెట్టు మెట్టుగా మారి లైకోపీన్ అవుతుంది, అందులో కొంత చివర్లు మడుచుకుని బీటా కెరోటిన్ అవుతుంది. ఒక్కో మెట్టుకి ఒక్కో ఎంజైమ్. కాయ పండేటప్పుడు ఈ లైన్‌ని స్పీడుగా నడిపించే సిగ్నల్ ఇథిలీన్ అనే వాయువు. వేడి ఎక్కువైతే ఇథిలీన్ తగ్గుతుంది, మొదటి మెట్లలోని ఎంజైమ్‌లు మందగిస్తాయి. పైనుంచి సరుకు తక్కువ వస్తే మధ్యలో కుప్పపడాల్సిన లైకోపీన్ కుప్పపడదు. ఉన్న కాస్త పసుపే బయటికి కనిపిస్తుంది. కొత్త రంగేమీ పుట్టలేదు, దాన్ని కప్పేసే ఎరుపు రాలేదు, అంతే.

ఒక మెలిక చెప్పనా? పుచ్చకాయ ఎరుపు కూడా ఇదే లైకోపీన్. కానీ అది 37 డిగ్రీల్లో కూడా హాయిగా ఎర్రబడుతుంది. అందుకే నడి వేసవిలో రోడ్డు పక్కన కోసి పెట్టిన పుచ్చకాయ ఎర్రగా మెరుస్తుంటే, పక్కనే బండి మీద టమాటా పాలిపోయి ఉంటుంది. రంగు ఒకటే, దాన్ని తయారుచేసే మొక్క ఓర్పు వేరు.

సరే, డగ్గర్ ఏమయ్యాడు? నేను ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం ఇదే. ఆయన విస్కాన్సిన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి 1943లో రిటైర్ అయ్యాడు. వయసు 70 దాటింది. మామూలుగా కథ ఇక్కడ అయిపోవాలి. కానీ లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ ఆయన్ని పనిలోకి తీసుకుంది. అప్పుడు అక్కడ పరిశోధనల డైరెక్టర్ ఎవరో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసినా పర్మనెంట్ ఉద్యోగం దక్కని మనిషి, రిటైరైన మనిషికి చోటు ఉన్న ల్యాబ్ నడిపాడు. నాకైతే ఆ సంగతి చదివినప్పుడు కాసేపు స్క్రీన్ పక్కన పెట్టాల్సి వచ్చింది.

డగ్గర్‌కి అప్పగించిన పని మట్టి శాంపిళ్లలో రోగక్రిముల్ని చంపే సూక్ష్మజీవిని వెతకడం. రకరకాల చోట్ల నుంచి మట్టి వచ్చేది. మిస్సోరీ యూనివర్సిటీలో శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే పాత ప్రయోగ పొలం నుంచి వచ్చిన మట్టిలో ఆయనకి పసుపు బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. అందులోంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి యాంటీబయాటిక్. ఆ పేరులో మొదటి ముక్కకి లాటిన్‌లో బంగారం అని అర్థం. ఎరుపు గుట్టు చెప్పిన మనిషికి ముసలితనంలో బంగారు రంగు దొరికింది. 1948లో ప్రపంచానికి చెప్పారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్లకే చనిపోయారు. డగ్గర్ 1956 దాకా ఉన్నాడు.

మళ్లీ పెదనాన్న దగ్గరికి వస్తే, ఈ కథంతా ఫోన్‌లో చెప్పాను. ఆయన విని, "అయితే మందు లేదంటావు" అన్నాడు. లేదు పెదనాన్నా. ఎండ నేరుగా పడే కాయ చుట్టూ గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది, కాబట్టి ఆకుల్ని ఎక్కువ తుంచెయ్యకుండా కాయకి నీడ మిగలనివ్వడం ఒకటి. షేడ్ నెట్ ఒకటి, దానికి ఖర్చుంది. కాస్త దోరగా ఉన్నప్పుడే కోసి, నీడగా గాలి ఆడే చోట పరిచి ఎర్రబడనివ్వడం ఒకటి. ఫ్రిజ్ అంత చల్లదనం వద్దు, అక్కడా రంగు రాదు. మదనపల్లె టమాటాకి వేసవిలో అంత పేరు ఎందుకో కూడా అప్పుడే ఆయనకి తట్టింది. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, కింద మైదానం అంత మండదు. "మన పొలాన్ని ఎత్తుకెళ్లి అక్కడ పెట్టలేం కదరా" అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు.

మా కాయల సంగతి: నాలుగు కోసి వంటింట్లో కిటికీకి దూరంగా, పళ్లెంలో పెట్టాను. రెండు మేడ మీదే వదిలేశాను. ఐదో రోజుకి పళ్లెంలోవి మూడు ఎర్రబడ్డాయి, ఒకటి కుళ్లింది. మేడ మీదవి అలాగే ఉన్నాయి. అమ్మ కుళ్లింది పారేసి, మిగతావన్నీ కలిపి పచ్చడి చేసేసింది. మీ ఇంట్లో కూడా ట్రై చేసి, రోజుకో ఫోటో తీసి కామెంట్స్‌లో పెట్టండి.