ఘన ఇంధన రాకెట్ మోటార్: అంటుకున్నా పేలకుండా ఆపేదెలా?

1985 జనవరి 11న పశ్చిమ జర్మనీలోని హైల్‌బ్రాన్ దగ్గర అమెరికా సైనికులు పెర్షింగ్-2 క్షిపణి మోటార్‌ను పెట్టెలోంచి బయటకు తీస్తున్నారు. ఎవరూ బటన్ నొక్కలేదు. చలికి, పొడి గాలికి కెవ్లార్ తొడుగుపై పుట్టిన స్టాటిక్ కరెంటే ఇంధనాన్ని అంటించింది. ముగ్గురు సైనికులు చనిపోయారు.

అమోనియం పర్‌క్లోరేట్, అల్యూమినియం పొడిని రబ్బరు లాంటి బైండర్‌లో కలిపి గట్టిపరిస్తే ఘన ఇంధనం తయారవుతుంది. మండటానికి కావాల్సిన ఆక్సిజన్ కూడా అందులోనే ఉంటుంది కాబట్టి అంటుకున్నాక ఆర్పడం దాదాపు కుదరదు. 2003 ఆగస్టులో బ్రెజిల్‌లోని అల్కాంతరాలో లాంచ్‌ప్యాడ్ మీదున్న రాకెట్‌లో ఒక మోటార్ ముందే మండి 21 మంది బలయ్యారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 23న మన శ్రీహరికోటలోని ఘన ఇంధన ప్లాంట్‌లో ప్రమాదం జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు.

యుద్ధక్షేత్రంలో మంటలు, తూటాలు, పక్కనే పేలే బాంబులు తోడవుతాయి. 1967లో అమెరికా యుద్ధనౌక ఫారెస్టల్‌పై ఒక రాకెట్ పొరపాటున దూసుకెళ్లి మంటలు లేచాయి. ఆ వేడికి తొలి బాంబు నిమిషంన్నరలోనే పేలింది. మొత్తం 134 మంది మృతి చెందారు. అందుకే నాటో దేశాలు ఇప్పుడు మోటార్లపై తూటాలు పేల్చి, శకలాలతో కొట్టి, ఇంధన మంటల్లో కాల్చి మరీ పరీక్షిస్తున్నాయి. మండితే ఫర్వాలేదు, పేలకూడదు. ఎగిరిపోకూడదు కూడా. మంటల్లోంచి దూసుకెళ్లే మోటార్ ఇంకో తలనొప్పి మరి!

వీటిలో మొండి పరీక్ష పెద్ద మంట కాదు, నెమ్మదిగా ఎక్కే వేడి. చాలాకాలం పాటు గంటకు 3.3 డిగ్రీల చొప్పున వేడి పెంచుతూ ఈ పరీక్ష చేసేవారు. పక్క గదిలో మంట రాజుకుంటే ఆయుధాగారం వేడెక్కినట్టే ఇది. లోపలి ఇంధనమంతా కాగిపోయి సన్నటి రంధ్రాలు పడతాయి. అప్పుడు నిప్పు పుడితే ఒక్కసారిగా అంతా మండి పేలుడుగా మారుతుంది.

ఇక్కడ స్టీలు తొడుగు బలమే శాపం. గ్యాస్ బయటకు పోయే దారి లేక ప్రెజర్ పెరుగుతుంది. కార్బన్ ఫైబర్ తొడుగైతే వేడికి దానిలోని రెసిన్ మెత్తబడి విడిపోతుంది, గ్యాస్ బయటపడుతుంది. స్టీలే వాడాల్సి వస్తే వేడికి తెరుచుకునే వెంట్‌లు పెడతారు. సాధారణంగా వాడే హెచ్‌టీపీబీ బైండర్ బదులు హెచ్‌టీపీఈ వాడితే నెమ్మది వేడికి మోటార్ స్పందన తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. స్టాటిక్‌కు మాత్రం ఎర్తింగ్, గదిలో తేమ చూసుకోవడం లాంటి పాత జాగ్రత్తలే దిక్కు.

ఉపగ్రహ రాకెట్లకు తూటాల భయం ఉండదు. కానీ ఇస్రో ఎల్‌వీఎం-3లోని ఒక్కో ఎస్-200 బూస్టర్‌లో 200 టన్నులకు పైగా ఇంధనం పడుతుంది. దాన్ని కలిపేటప్పుడు, పోత పోసేటప్పుడు ఎంతో జాగ్రత్త అవసరం.