సవర అక్షరం ఫోన్‌లోకి ఎలా వచ్చింది?



ఆగస్టు 29న బళ్లన్నింట్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. అది గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వాడుక తెలుగు కోసం పోరాడారని అందరం చదివాం. అంతకు ముందే ఆయన సవర నేర్చుకున్నారని మాత్రం చాలామందికి తెలీదు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవర వాళ్ల నోట విని రాసుకున్నారు. మన పిల్లలకు బళ్లు పెట్టారు, తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశారు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

ఈ రెండింటి మధ్యలో, 1936లో, ఒడిశాలో గుణుపూర్ వైపు మంగేయి గొమాంగో గారు సవరకి సొంత లిపి తయారుచేశారు. అదే సొరంగ్ సొంపెంగ్. మన భాషకి మనవాడే అక్షరాలు కట్టిన సంగతి ఇది.

మరి ఫోన్‌లోకి ఎప్పుడొచ్చాయి? కంప్యూటర్‌కి అక్షరం తెలీదు, నంబరే తెలుసు. ప్రపంచంలోని అక్షరాలకు నంబర్లిచ్చే పట్టీ యూనికోడ్. తెలుగుకి 1991లోనే అందులో చోటు దొరికింది. సొరంగ్ సొంపెంగ్‌కి 2012లో దొరికింది, 25 అక్షరాలు, 10 అంకెలు. లిపి పుట్టాక 76 ఏళ్లు!

మేం హాస్టల్లో కొంతమందిమి ఇప్పుడు వెబ్ పేజీ కట్టడం నేర్చుకుంటున్నాం. ఇల్లు కట్టినట్టే ఉంటాది. హెచ్‌టీఎంఎల్ అంటే రాటలు, వాసాలు. సీఎస్‌ఎస్ అంటే గోడకి ఎర్రమట్టి పూత, దాని మీద తెల్ల బొమ్మలు. 1995లో వచ్చిన జావాస్క్రిప్ట్ అంటే తలుపు తడితే లోపల్నుంచి పలికే మనిషి. బటన్ నొక్కితే ఏం జరగాలో అదే చెప్తాది.

సవర అక్షరాలు పెడితే కొన్ని ఫోన్లలో ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. నంబరు ఉంది గానీ, ఆ నంబరుకి బొమ్మ, అంటే ఫాంట్, ఫోన్‌లో లేదన్నమాట. గూగుల్ వాళ్ల నోటో ఫాంట్లలో సొరంగ్ సొంపెంగ్ ఉచితంగా ఉంది. సీఎస్‌ఎస్‌లో దాన్ని పేజీకి జతచేస్తే, చూసేవాళ్ల ఫోన్‌లో లేకపోయినా అక్షరాలు కనిపిస్తాయి.

ఏ లిపిలో రాయాలి? 2003-04లో మన రాష్ట్రంలో మొదలైన మాతృభాషా బోధనలో సవర వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. సీతంపేట, భామిని వైపు పిల్లలకు అదే అలవాటు. సరిహద్దు అవతల మన చుట్టాల్లో సొరంగ్ సొంపెంగ్ చదివేవాళ్లు ఉన్నారు. అందుకే పేజీలో ఒక బటన్ పెడుతున్నాం, నొక్కితే లిపి మారుతాది.

ఇంకో బటన్ గొంతు కోసం. సవరలో గొంతు దగ్గర టక్కున ఆగే శబ్దం ఉంది, దానికి తెలుగులో అక్షరం లేదు. ఎంత బాగా రాసినా చదివితే తేడా వస్తాది. వింటేనే తెలుస్తాది.

గిడుగు వారు కష్టపడి విన్నారు, గొమాంగో గారు అక్షరాలిచ్చారు, యూనికోడ్ చోటిచ్చింది. ఆ చోటు నింపడానికి ఇంకెవరూ రారు, మనమే నింపాలి. సవర లెక్కలో 13 అంటే పన్నెండూ ఒకటీ. ఆ లెక్క మన చదువుకున్నోళ్లలో ఎంతమందికి వచ్చు? ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు అవ్వ చేత, తాత చేత ఒకటి నుంచి ఇరవై దాకా చెప్పించి రికార్డు చెయ్యండి. వాళ్లని అడిగి, ఒప్పుకుంటేనే పంపండి. ఏ ఊరి మాటో తప్పక రాయండి.

జై ఆదివాసీ.