రాళ్ల రాత అచ్చయింది, మగ్గాల మాట ఎప్పుడు?



మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007 దాకా కోలారు జిల్లాలోనివే. ఆ జిల్లా శాసనాలను బి.ఎల్. రైస్ దొరగారు సేకరించి 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా 10వ సంపుటంగా అచ్చు వేయించినారు. ఇప్పుడు అందులోకి ఎక్కిన ఏ రాయి పగిలినా, గోడలో కలిసినా దాని రాత పుస్తకంలో ఉంటుంది. 1909లో మొదలైన బెంగళూరు మిథిక్ సొసైటీ పత్రిక నడిపింది, శాసనాలకు కంప్యూటర్ నకళ్లు కూడా తీయించింది.

నేతోళ్ల చరిత్ర ఎక్కువగా రాళ్ల మీద లేదు. సంఘం పద్దు పుస్తకాల్లో, పెండ్లి పాటల్లో, ముసలోళ్ల నోట్లో ఉంది. మా పాత పద్దులు తెలుగులో ఉండాయి. పిల్లోళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో చదివేది కన్నడం. పుస్తకం ఉన్నా చదివేవాళ్లు లేకపోతే అది ఉన్నట్టా?

కైవారం తాతయ్యగారు తెలుగులోనూ కన్నడంలోనూ పాడినారు. మనమూ తెలుగు మాటను తెలుగు లిపిలో, కన్నడ లిపిలో రెండింటా అచ్చు వేయాల.

ఈ సంచిక డిజిటల్, కాగితం ఖర్చు లేదు. ప్రతి సంఘమూ పాత పద్దులకు ఫోటోలు తీసి, ఊరు, సంవత్సరం రాసి ఫెడరేషన్‌కు పంపాలని మనవి. పెద్దోళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకుందాం.