జహీరాబాదు చూడబోవువారికి



హైదరాబాదునుండి షోలాపురమునకు బోవు రాజమార్గమున జహీరాబాదు కలదు. ప్రయాణికులలో పెక్కురు అచట తేనీరు త్రాగి, ఉత్తరముగా మరలి బీదరుకోటను జూడ బోవుదురు. కోటయు, 1472లో మహమూదు గవాను నిర్మింపించిన విద్యాలయమును చూడదగినవే. అయినను త్రోవలోని యీ యూరికిని ఒక దినమైన కేటాయింపుడని నా మనవి. ఏమి చూడవలెనో, ఏల చూడవలెనో విన్నవింతును.

మొదట ఆ మార్గమునే చూడుడు. 1948 సెప్టెంబరు 16వ తేదీని భారతసేన యీ త్రోవనే, మందుపాతరలను తొలగించుకొనుచు, జహీరాబాదు దిక్కునకు నడచినది. మరునాడే నిజాము పోరు మానినట్లు ప్రకటించెను. అంతవరకు బీదరు జిల్లాలోనుండిన యీ తాలూకాలో అధికభాగము 1956 నవంబరు 1న మెదకు జిల్లాలో చేరినది. బీదరు మైసూరు రాష్ట్రమునకు పోయినది. 2016 నుండి జహీరాబాదు సంగారెడ్డి జిల్లాలోనిది. ఎల్లలు మారినవి గాని నాలుకలు మారలేదు. అంగడివీథిలో నొక గడియ నిలుచుండుడు. తెలుగు, కన్నడము, ఉర్దూ ఒక్క బేరములోనే వినవచ్చును.

తరువాత ఝరాసంగమునకు పొండు. అచట కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయమును, అమృతగుండమును కలవు. బ్రహ్మకొఱకు అబద్ధసాక్ష్యము పలికిన మొగలిపువ్వు శివపూజకు పనికిరాదని పురాణములు చెప్పుచున్నవి. ఇచటనో, ఆ పువ్వే స్వామికి ప్రీతిపాత్రము. స్వామి పేరును దానితోడనే వెలసినది. అన్నిచోట్ల వెలియైనదానికి ఒక్కచోట గౌరవము దక్కినది. ఈ సంగతి మనస్సున నుంచుకొని ముందునకు సాగుడు.

జహీరాబాదునకు చేరువనే పస్తాపురము కలదు. 1983లో నేర్పడిన దక్కను అభివృద్ధి సంఘమునకు అదియే నిలయము. చుట్టుపట్ల గ్రామములలోని పేదస్త్రీలు, అందులో అధికులు దళితులు, దీని నీడను సంఘములు కట్టుకొనిరి. బీడుపడిన చెలకలను సాగుచేసి, జొన్న, కొఱ్ఱ, సామ, కంది, పెసలు కలిపి విత్తి, విత్తనములను వేపాకుతోను బూడిదతోను బుట్టలలో దాచిరి. నీటిపాఱుదల లేక, నల్లరేగడిలోని తేమతోను చలికాలపు మంచుతోను పండు శనగ, కుసుమ, అవిసె మొదలగు వానిని వారు సత్యం పంటలందురు. ఎంత చక్కని మాట! ఎఱువు నాశింపక, వాన రాకున్నను మాట తప్పని పంట కంతకన్న తగిన పేరు ఏ నిఘంటువునందును నాకు కానరాలేదు.

ఈ స్త్రీలే మాచునూరులో నొక రేడియోను నెలకొల్పిరి. అనుమతి రాకమునుపు తమ మాటలను పాటలను క్యాసెట్లలో నెక్కించి ఊరూర వినిపించిరి. ఆకాశతరంగములు ప్రజలసొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినను, స్వచ్ఛందసంస్థలకు ద్వారములు తెఱచుకొన్నది 2006లోనే. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో పలికినది. ఒకనాడు గ్రామసభలో నోరు మెదపుటకు హక్కులేని తల్లులు, విత్తనముల సంగతిని తమ యాసలోనే జనులకు చెప్పిరి. రేడియోముందు కూర్చున్న నాకు ఇంతకన్న గర్వకారణమగు వార్త లేదు.

శిలాశాసనములను చదివి చరిత్ర వ్రాయుట మా తరమువారి అలవాటు. శాసనము రాజు పేరును దాచును. విత్తనపు బుట్ట అనామకుల జ్ఞానమును దాచును. శాసనము పగిలినను ముక్కలు దొరకును. విత్తనము ఒక్క ఏడు విత్తకున్న దాని కథకే ముప్పు. ఝరాసంగము, న్యాలకలు మండలములలో పారిశ్రామిక మండలికై వేల ఎకరముల సేకరణ తలపెట్టినందున, ఆ ముప్పు వట్టి ఊహ కాదు. పనులు కావలసినదే, కాని ఆ నేలలో ఏమున్నదో ఎఱిగినవారే దానిని గూర్చి తీర్మానింపవలెను.

కావున సంక్రాంతివేళ రండు. ఎడ్లబండ్లపై విత్తనములను ఊరేగించు పాతపంటల జాతర ఆ దినములలోనే మొదలగును. ముందుగా కబురంపి పొండు. వింత చూచువారివలె నిలువక, “అమ్మా, ఈ గింజ పేరేమి? ఏ నేలలో పండును?” అని యడుగుడు. జొన్నరొట్టె పెట్టిన కాదనకుడు. ఆ మీదట బీదరుకోటకు తీరికగా పోవచ్చును.