మ్యాపు గీయడం మనలాంటోళ్ల దాకా ఎలా వచ్చింది



ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన గూడేలు మనమే ఎక్కించుకోవచ్చని చెప్తే, "అదంతా ఇంజినీరింగ్ వాళ్ల పని కదా" అంటారు చాలామంది. ఒకప్పుడు నిజంగానే అంతే. అది మారడానికి పదేళ్ల దాకా పట్టింది.

2004లో ఇంగ్లండ్‌లో స్టీవ్ కోస్ట్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. అక్కడి ప్రభుత్వ సర్వే మ్యాపు డేటా వాడుకోవాలంటే డబ్బు కట్టాలి, షరతులు కూడా ఉండేవి. అందుకే జనమే గీసుకుందాం అన్నాడు. కానీ ఏ జనం? జీపీఎస్ పరికరం కొని ఊరంతా తిరిగి, ఆ జాడను కంప్యూటర్లోకి ఎక్కించి, దాని మీద గీతలు గీయగలిగిన వాళ్లు. అప్పట్లో వచ్చిన జేఓఎస్ఎం అనే సాఫ్ట్‌వేర్ చాలా గట్టిది, అనుభవం ఉన్నవాళ్లు ఇప్పటికీ వాడతారు. కొత్తోళ్లకు మాత్రం అడవిలో దారి తప్పినట్టే. పైగా ట్యాగులు తెలియాలి. ఇళ్ల మధ్య వీధి గీస్తే "హైవే=రెసిడెన్షియల్" అని రాయాలి. మన వీధికి హైవే ఏంటి అనిపిస్తుంది. బ్రిటిష్ చట్టం భాషలో జనం నడిచే ఏ దారైనా హైవేనే. మన కాలిబాట కూడా ఆ లెక్కలో "హైవే=పాత్". ఒక దేశం మాటే అందరికీ రూలైపోయింది.

2007లో రిచర్డ్ ఫెయిర్‌హర్స్ట్ చేసిన పాట్‌లాచ్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, బ్రౌజర్‌లోనే గీయొచ్చు. ఈ పేరు గురించి మనం తెలుసుకోవాలి. ఉత్తర అమెరికా పశ్చిమ తీరపు ఆదివాసులు ఉన్నది పంచిపెట్టుకునే పండుగ పాట్‌లాచ్. కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా దాన్ని నిషేధించింది. మన పండుగల మీద చిన్నచూపు చూసిన చరిత్ర తెలిసిన వాళ్లకు ఇది కొత్త కాదు. ఈ పాట్‌లాచ్‌లో లైవ్ అనే పద్ధతి ఒకటుండేది, గీత కదిపితే వెంటనే అసలు మ్యాపే మారిపోయేది. కొత్తోళ్లకు చేతులు వణకవా మరి!

2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్లో శాటిలైట్ ఫొటోలు చూస్తూ పోర్టో ప్రిన్స్ వీధులు గీశారు, సహాయక బృందాలు ఆ మ్యాపు వాడాయి. కొత్తోళ్లు కూడా ఎంత పనికొస్తారో అప్పుడు లోకానికి తెలిసింది. 2012లో అమెరికాలోని నైట్ ఫౌండేషన్ డబ్బిచ్చింది, 2013లో ఐడీ ఎడిటర్ వచ్చింది. పైన మూడే బటన్లు: చుక్క, గీత, ప్రాంతం. బడి అని వెతికి నొక్కితే ట్యాగు అదే రాసుకుంటుంది. మొదటిసారి వచ్చినవాళ్లకు చేయి పట్టి నేర్పే పాఠం ఉంది. సేవ్ కొట్టేదాకా ఏదీ బయటికి పోదు. నా దృష్టిలో అసలు మార్పు ఇదే, భయం పోయింది.

కానీ నాకు ఇంకా నచ్చేది 2009 నాటి వాకింగ్ పేపర్స్. మ్యాపు ప్రింట్ తీసుకుని, పెన్నుతో గీసి, స్కాన్ చేసి పంపితే, అది తన చోట తానే కూర్చునేది. సిగ్నల్ లేని ఊళ్లో, ఫోన్ పట్టని మా తాతలాంటోళ్ల చేత కూడా వాగు పేరు రాయించే వీలుండేది. తర్వాత 2017లో స్ట్రీట్‌కంప్లీట్ అనే ఫోన్ యాప్ వచ్చింది. "ఈ రోడ్డు మట్టిదా, తారుదా?" అని అడుగుతుంది, జవాబు నొక్కితే చాలు. కానీ మ్యాపులో లేని దారి దాంట్లో గీయలేం.

అటవీ హక్కుల చట్టం రూల్స్ ప్రకారం క్లెయిములతో పాటు మ్యాపులు సిద్ధం చేయాల్సింది గ్రామసభ పెట్టుకున్న అటవీ హక్కుల కమిటీయే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ దానికి బదులు కాదు, అందులో గీసినంత మాత్రాన పట్టా రాదు. కానీ గీయడం వచ్చిన పిల్లలు ఊళ్లో నలుగురున్నా, సర్వేకొచ్చినాయన చూపించిన గీతకు తల ఊపి ఊరుకోరు.

ఒక సంగతి మాత్రం ఏ ఎడిటరూ అడగదు. సేవ్ చేసేటప్పుడు ఐడీ "ఏం మార్చావు" అని రాయమంటుంది, "ఎవరిని అడిగావు" అనదు. అక్కడ పెట్టింది లోకమంతా చూస్తుంది. తీసేసినా పాత రికార్డులో ఉంటుంది. అందుకని సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ముందు బోర్లు, బడులు, అంగన్‌వాడీలు, కాలిబాటలు గీద్దాం. దేవర గుట్టలు, మందు చెట్లున్న చోట్ల సంగతి గ్రామసభలో పెద్దలు తేల్చాకే.