రేసు కారులో ఇంధన సెల్: సంచి గట్టిదైతే చాలదు

రేసు కారులో మామూలు ట్యాంకుకు బదులుగా అమర్చేది ఫ్యూయల్ సెల్. పేరును బట్టి దీన్ని విద్యుత్తు పుట్టించే హైడ్రోజన్ సెల్‌గా పొరబడరాదు. ఇది లోహపు పెట్టెలో ఒదిగి ఉండే రబ్బరు పూత గల బలమైన బట్ట సంచి. లోపల స్పాంజి వంటి ఫోమ్ ఉంటుంది. కారు ఢీకొన్నప్పుడు సంచి చిట్లకుండా వంగుతుంది, ఫోమ్ పెట్రోలు ఎగసిపడకుండా నిలువరిస్తుంది. 1964 ఇండియానాపోలిస్ 500 పోటీలో ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ మంటల్లో చిక్కి మరణించిన తరువాత రేసింగ్‌లో ఇంధన భద్రత నిబంధనలు కఠినమయ్యాయి.

అయితే ప్రమాదం తరచుగా సంచిలో కాక దాని చుట్టూ ఉన్న అతుకుల్లో పొంచి ఉంటుంది. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమెయిన్ గ్రోజాన్ కారు గంటకు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప కంచెను ఢీకొని రెండుగా చీలింది. సెల్ తనిఖీ మూత ఊడిపోయిందని, ఇంజన్‌కు ఇంధనం వెళ్లే గొట్టం సంచి దగ్గర తెగిపోయిందని ఎఫ్‌ఐఏ దర్యాప్తు తేల్చింది. ఆ రెండు దారుల్లోనే ప్రధానంగా ఇంధనం బయటపడింది. ఆయన చేతులు కాలినా ప్రాణాలతో బయటపడ్డారు.

అందుకే బిగింపులోనే అసలు శ్రద్ధ అవసరం. పెట్టెను పలుచని నేల రేకుకు బోల్టులతో వేలాడదీయరాదు. ఛాసిస్‌కు కలిసిన చట్రంలో కూర్చోబెట్టి ఉక్కు పట్టీలతో బిగించాలి. వెనుక బంపర్‌కు వీలైనంత దూరంగా, చక్రాల మధ్య ఉంచడం మేలు. డ్రైవర్‌కూ సెల్‌కూ నడుమ సందులేని లోహపు అడ్డుగోడ తప్పనిసరి. గాలి గొట్టం కారు బయటకు తెరుచుకోవాలి, బోల్తాపడితే మూసుకునే వాల్వ్ దానికి ఉండాలి. పాత ట్యాంకు ఖాళీ అయినా అందులో ఆవిరి మిగులుతుంది కనుక దాని దగ్గర వెల్డింగ్ చేయరాదు.

తీరప్రాంతాల్లో మరో చిక్కు ఉంది. అండమాన్‌లోని శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) వంటి చోట్ల ఉప్పుగాలికి పట్టీలు, ఎర్తింగ్ తీగ కొసలు తుప్పుపడతాయి. వాటిని తరచూ విప్పి చూడాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొన్ని రకాల ఫోమ్‌ను త్వరగా పాడుచేస్తుంది. పొడిగా రాలిన ఫోమ్ ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది.

ఎఫ్‌ఐఏ ప్రమాణం ప్రకారం సెల్ గడువు తయారీ నుంచి 5 ఏళ్లు. తయారీదారు మళ్లీ పరీక్షించి ధ్రువీకరిస్తే మరో 2 ఏళ్లు పొడిగించవచ్చు. చవకగా దొరికే వాడిన సెల్ కొనేవారు ముందుగా చూడవలసింది దానిపై ముద్రించిన ఈ తేదీనే.