నత్కీరుని ప్రయాణం: మధుర సంగం నుండి కాళహస్తికి

ప్రాచీన తమిళ కావ్యాల్లో కవి తాను చెప్పే కథకు బయట నిలబడి ఉండడు. శిలప్పదికారం పీఠికాభాగమైన పదికంలో, ఒక రొమ్ము కోల్పోయిన స్త్రీ స్వర్గానికి వెళ్ళడం చూశామని కొండజాతివారు ఇళంగో అడిగళ్‌కు విన్నవిస్తారు. ఆ స్త్రీ పూర్వకథను అక్కడే ఉన్న చాత్తనార్ వివరిస్తాడు. మణిమేకలై పదికంలో ఈ పాత్రలు తారుమారవుతాయి. అక్కడ చాత్తనార్ కావ్యం చెప్పగా ఇళంగో వింటాడు. ఈ పదికాలు మూలకర్తల రచనలేనా అన్న చర్చ అలా ఉంచితే, కవుల జీవితం కూడా కథావస్తువేనన్న భావన తమిళంలో ఎంత పాతదో ఇవి చూపుతాయి.

ఈ రెండు కావ్యాల కథలూ ప్రాచీనాంధ్ర కవుల చేతిలో తెలుగు కావ్యాలు కాలేదు. దీన్ని మన కవుల ఉదాసీనతగా లెక్కించడం న్యాయం కాదు. తమిళనాట సైతం ఇవి చాలాకాలం పండితుల తాళపత్రాలకే పరిమితమై, ఉ.వే. స్వామినాథయ్యర్ పరిష్కరణలతో 1892లో శిలప్పదికారం, 1898లో మణిమేకలై విస్తృత పాఠకలోకానికి చేరాయి. అంతేగాక ఒకటి జైన, మరొకటి బౌద్ధ వాతావరణానికి చెందినవి. తెలుగు కవులకు తమిళం అందిన దారి ప్రధానంగా ఆలయాలది, భక్తులది. ఆ దారిన కావ్యం రాలేదు, కవి వచ్చాడు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని నత్కీరుడే అతడు. తమిళంలో అతని పేరు నక్కీరర్.

కథ తెలిసినదే. పాండ్యదేశంలో కరవు వస్తుంది. ఊరు విడిచిపోబోయిన అర్చకునికి శివుడు ఒక పద్యమిచ్చి రాజు వద్దకు పంపుతాడు. స్త్రీ కేశాలకు సహజ పరిమళమనడం దోషమని నత్కీరుడు ఆక్షేపిస్తాడు. శివుడే స్వయంగా వచ్చి, నుదుటి కన్ను చూపినా తన మాట మార్చుకోడు. శాపవశాన కుష్ఠురోగి అవుతాడు. కైలాస దర్శనంతో రోగం పోతుందని శివుడు చెబుతాడు.

ఈ వివాదానికి మూలమైన పద్యం కుఱుంతొగైలో రెండవది. కర్త పేరు ఇఱైయనార్. ఆ మాటకు ప్రభువు, దైవం అని అర్థాలుండటం వల్ల ఒక కవి పేరు కాలక్రమాన శివుని పేరుగా మారిందని ఊహించవచ్చు. మూలంలో అది శాస్త్రవాక్యం కాదు. నాయకుడు తుమ్మెదను సంబోధించి, తన ప్రియురాలి కురులను మించి పరిమళించే పువ్వును ఎరుగుదువా అని అడుగుతాడు. తెలుగు కావ్యంలో వివాదం మిగిలింది గాని తుమ్మెద మిగలలేదు. ప్రేమలో ఉన్నవాడి మాటను ప్రమాణవాక్యంగా తీసుకుంటే తప్పు పట్టడం సులువు. ఆ లెక్కన నత్కీరుని ఆక్షేపణకు తెలుగులోనే ఎక్కువ బలముందని నా అభిప్రాయం.

కథ ప్రాచీనతకు ఆధారాలున్నాయి. మధురలో శివుడు సంగమెక్కి తరుమికి బంగారు మూట ఇప్పించిన సంగతిని 7వ శతాబ్దపు అప్పర్ తన తేవారంలో ప్రస్తావించాడు. కరవు ప్రసక్తి కూడా పాతదే. నక్కీరర్ పేర ఉన్న ఇఱైయనార్ అగప్పొరుళ్ వ్యాఖ్యలో పాండ్యదేశాన్ని పన్నెండేళ్ళ క్షామం పీడించినట్లు ఉంది. అయితే ఆ క్షామం తర్వాత శివుడిచ్చినది పద్యం కాదు, అరవై లక్షణ సూత్రాలు. క్షామం, శివుని రచన, పండిత పరీక్ష అనే మూడంశాలు రెండు కథల్లోనూ ఉండటం గమనార్హం. కరవు మూలాన ఊరు విడవడం ధూర్జటి తొలి శ్రోతలకు వింత విషయమై ఉండదు, మా సీమవారికి మరీను.

కథ ముగింపు మరింత ఆసక్తికరం. కైలాసానికి బయలుదేరిన నత్కీరుడు దారిలో భూతానికి చిక్కి, కుమారస్వామిని స్తుతించి బయటపడతాడు. శివుడు కైలాసమన్నాడే గాని ఉత్తరమా దక్షిణమా అనలేదని, దక్షిణ కైలాసమైన కాళహస్తిని చూస్తే చాలునని తేలుతుంది. ఇది స్థలమాహాత్మ్యం కోసం ధూర్జటి చేసిన చమత్కారంగా తోచవచ్చు. కాని పదకొండవ తిరుమురైలో నక్కీరదేవ నాయనార్ పేర ‘కయిలైపాది కాళత్తిపాది అందాది’ ఉంది. పేరే చెప్పినట్లు అందులో సగం పద్యాలు కైలాసానివి, సగం కాళహస్తివి. ఈ నక్కీరదేవుడు సంగకవి కాడనీ తరువాతి శైవకవి అనీ పలువురు పరిశోధకుల మతం. సంప్రదాయం మాత్రం ఇద్దరినీ ఒకరినే చేసింది. అందువల్ల రెండు కైలాసాల మెలికకు బీజం ధూర్జటికి శతాబ్దాల ముందే నక్కీరర్ పేరుతో ముడిపడి ఉంది. ధూర్జటి దాన్ని తీర్పుగా మలిచాడు. పద్యదోషం విషయంలో ఓడని పండితుణ్ణి, కైలాసమనే మాటకు అర్థం చెప్పుకోవడంలో ఓడించాడు.

కుమారస్వామి స్తుతికి తమిళంలో ప్రత్యేక కావ్యమే ఉంది. 317 పాదాల తిరుమురుగాట్రుప్పడైని నక్కీరర్ భూతం గుహలో పాడాడని అక్కడి ఐతిహ్యం. ధూర్జటికి ఆ కావ్యంతో పనిలేదు. అతనికి కావలసినది కాళహస్తి చేరిన కవి.

అదే తిరుమురైలో నక్కీరదేవుని పేర కన్నప్పపై ఒక రచన కూడా ఉంది. కన్నప్ప మన కడప ప్రాంతపు పొత్తపినాటివాడు. శేక్కిళార్ 12వ శతాబ్దపు పెరియపురాణంలో అతని ఊరు ఉడుప్పూర్, తెలుగులో ఉడుమూరు. ధూర్జటి కావ్యంలో తిన్నడూ నత్కీరుడూ ఒకే దేవుని సన్నిధికి చేరడం యాదృచ్ఛికమని నేననుకోను. పొత్తపి బోయనూ మధుర పండితునీ కాళహస్తిలో కలిపిన పేరు అప్పటికే తమిళ శైవుల నోట ఉంది.